చలికి మొరాయించే పడవ ఇంజన్: బోర్ పనికి ముందు మల్టీమీటర్ పట్టండి

ప్రశ్న: మేం మేరీల్యాండ్‌లో ఉంటాం. అనాపొలిస్ దగ్గర మెరీనాలో మాకో పాత సెయిల్‌బోట్ ఉంది, 1988 నాటి కటలీనా 34. లోపల యూనివర్సల్ ఎమ్-25ఎక్స్‌పీ డీజిల్ ఇంజన్, మీటర్లో 1,900 గంటలు. ఎండాకాలం ఏ గొడవా లేదు. అక్టోబరు దాటి పొద్దుటి చలి మొదలైనప్పటి నుంచి సెల్ఫ్ కొడితే ఇంజన్ బద్ధకంగా తిరుగుతోంది. ముప్ఫై నలభై సెకన్లు కొట్టాక ఎప్పటికో అందుకుంటుంది. అప్పటిదాకా వెనక తెల్ల పొగ. సిలిండర్లని ముందే వేడెక్కించే గ్లో ప్లగ్గుల బటన్ పదిహేను సెకన్లు నొక్కినా, నిమిషం నొక్కినా ఒకటే. ఒకసారి అందుకుంటే మాత్రం రోజంతా బాగుంటుంది, ఆయిల్ కూడా తాగదు. బ్యాటరీ కొత్తది వేశాను. కాకినాడలో ఉన్న మా నాన్నగారు ట్రాక్టర్లు నడిపిన మనిషి. డీజిల్లో నీళ్ళుంటాయి, ఫిల్టర్ మార్చమన్నారు. మార్చినా తేడా లేదు. యార్డు మెకానిక్ కంప్రెషన్ పోయింది, ఇంజన్ బయటికి తీసి బోర్ చేయాలి, అంటే అరిగిన సిలిండర్ గోడలు కోసి సాపు చేయాలంటున్నాడు. పక్క పడవాయన ఈథర్ స్ప్రే కొట్టి స్టార్ట్ చేసుకోమన్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఇంజన్ బయటికి తీసే ఆలోచన పక్కన పెట్టండి. ఈథర్ డబ్బా ఇప్పటికే కొని ఉంటే పడవలోంచి దించేయండి. జబ్బు ఎక్కడుందో మీ ఉత్తరంలోనే సగం రాసి ఉంది. నా అనుమానం ఇంజన్ మీద కాదు, దాని దాకా కరెంటు మోసుకొచ్చే తీగల మీద. అయితే నా అనుమానాన్ని నమ్మి కూడా డబ్బు పెట్టకండి. మామూలు మల్టీమీటర్‌తో ఒక్క పూటలో మీరే తేల్చుకోవచ్చు.

దానికంటే ముందు ఇవాళే మానుకోవాల్సిన పని ఒకటుంది. ముప్ఫై నలభై సెకన్లు సెల్ఫ్ కొడుతున్నానని రాశారు. ఆ సమయంలో సీకాక్, అంటే పడవ అడుగు నుంచి చల్లదనానికి నీళ్ళు లోపలికి తీసుకునే వాల్వు, తెరిచే ఉంచుతున్నారా? ఉంచుతుంటే మీరు ఇంజన్ని ముంచే పనిలో ఉన్నట్టే. సెల్ఫ్ మోటార్ ఇంజన్ని తిప్పుతున్నంతసేపూ నీళ్ళ పంపు కూడా తిరుగుతుంది. ఆ నీళ్ళు ఎగ్జాస్ట్ గొట్టంలో కలిసి కిందున్న మఫ్లర్‌లో చేరతాయి. ఇంజన్ నడుస్తుంటే పొగ ఒత్తిడికి ఆ నీళ్ళు పడవ వెనక నుంచి బయటికి చిమ్ముకుపోతాయి. ఇంజన్ అందుకోకపోతే వాటిని తోసేవాడు లేడు. మఫ్లర్ నిండి, గొట్టంలో పైకెక్కి, తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వులోంచి సిలిండర్‌లోకి దిగుతాయి. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్ళని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అది వంగకుండా బతికిపోయినా, ఉప్పు కలిసిన నీళ్ళు కదా, చీసపీక్ బేలో కొంత తక్కువే కానీ ఉప్పు ఉప్పే, కొద్ది రోజుల్లో లోపల తుప్పు పడుతుంది. అప్పుడు యార్డు మెకానిక్ మాట నిజంగానే నిజమవుతుంది.

కాబట్టి ఇకమీదట పది సెకన్లలో అందుకోకపోతే ఆపండి. సీకాక్ మూసేయండి. స్టార్టర్ మోటార్ చల్లారడానికి ఒక నిమిషం ఆగి మళ్ళీ కొట్టండి. ఇంజన్ అందుకున్న మరుక్షణం సీకాక్ తెరవండి. లేకపోతే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ ఎండి కాలిపోతుంది. ఇంట్లో ఇంకొకరు తోడుంటే ఒకరు కీ దగ్గర, ఒకరు సీకాక్ దగ్గర ఉండటం మేలు. ఎప్పుడైనా సెల్ఫ్ కొట్టగానే టక్‌మని ఆగిపోయి కదలకపోతే రెండోసారి కొట్టకండి. సిలిండర్లో నీళ్ళున్నాయేమో చూసుకోవాలి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

సరే, అసలు సంగతి.

డీజిల్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదని మీకు తెలుసు. గాలిని ఇరవై రెట్లకు పైగా కుదిస్తే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఆ వేడి నిలవాలంటే కుదింపు వడివడిగా జరగాలి. నెమ్మదిగా జరిగితే వేడిని చల్లటి సిలిండర్ గోడలు లాగేసుకుంటాయి, గాలి రింగుల పక్కనుంచి కాస్త కాస్త కారిపోతుంది. అంటే సెల్ఫ్ వేగం తగ్గితే, కంప్రెషన్ బాగున్న ఇంజన్ కూడా కంప్రెషన్ పోయిన ఇంజన్లాగే నటిస్తుంది. మీ మెకానిక్ పొరబడింది ఇక్కడేనని నా ఉద్దేశం. ఆయన చూసింది నిజమే, చలిలో ఇంజన్ అంటుకోవట్లేదు. కారణం మాత్రం కొలవకుండా చెప్పారు.

తెల్ల పొగ మరో ఆధారం. సెల్ఫ్ కొడుతున్నప్పుడు వచ్చే తెల్ల పొగ కాలని డీజిల్ ఆవిరి. అంటే డీజిల్ సిలిండర్ దాకా వస్తోంది, అంటుకోవడానికి వేడి చాలట్లేదు. డీజిల్ రాకపోతే, ఎయిర్ లాక్ అయితే, ఎంత కొట్టినా వెనక పొగే ఉండదు. మీ నాన్నగారి ఫిల్టర్ సలహా అందుకే పనిచేయలేదు. అలాగని ఆయన తప్పు చెప్పారని కాదు. కాకినాడలో జనవరి తెల్లవారుజామున కూడా పదిహేను డిగ్రీల దాకా దిగడమే అరుదు. అక్కడ డీజిల్ మొరాయిస్తే అనుభవం ఉన్నవాళ్ళెవరైనా ముందు చూసేది నీళ్ళు, చెత్త, ఎయిర్. అనాపొలిస్‌లో నవంబరు పొద్దున రెండు మూడు డిగ్రీలుంటే ఆ వరుస తిరగబడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇవ్వగల సత్తాలో మూడోవంతు దాకా తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడే ఆయిల్ చిక్కబడి ఇంజన్ తిప్పడం కష్టమవుతుంది. వేసవిలో బొటాబొటీగా సరిపోతున్న కరెంటు లోటు చలికాలంలో బయటపడిపోతుంది. మీకు ఎండాకాలం గొడవ లేకపోవడానికి కారణం ఇదే.

మీ నాన్నగారికి ఒక మాట చెప్పండి, సంతోషిస్తారు. మీ ఎమ్-25ఎక్స్‌పీ లోపల ఉన్నది కుబోటా డీజిల్. ట్రాక్టర్ల కుబోటాయే. దాన్ని యూనివర్సల్ కంపెనీ పడవకి తగ్గట్టు మార్చి అమ్మింది. ఊళ్ళో ట్రాక్టర్ సెల్ఫ్ కొట్టకపోతే పల్లానికి నెట్టి గేర్ వేసి అందిస్తారు కదా, పడవకి ఆ అవకాశం లేదు. ఉన్న ఒక్క దారీ స్టార్టర్ మోటారే. అందుకే దాని తీగల మీద ఇంత పట్టు పట్టాల్సి వస్తోంది.

ఇప్పుడు కొలతలు. ఇంజన్ స్టార్ట్ కాకుండా తిరిగేటట్టు చూసుకోవాలి. ఇంజన్ ఆపడానికి లాగే నాబ్ ఉంటుందిగా, దాన్ని లాగి అలాగే ఉంచండి. సీకాక్ మూయండి, గేర్ న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి. చేతి ఉంగరం, వాచీ తీసేయండి. బ్యాటరీ టెర్మినల్ మీద ఉంగరం స్పానర్‌తో కలిసి షార్ట్ అయితే వేలు కాలిపోతుంది. ఒకరు కీ దగ్గర ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి, ఒకరు మీటర్ చూడాలి.

మొదట ఛార్జర్ ఆపేసి రాత్రంతా వదిలాక, సెల్ఫ్ కొట్టకుండా బ్యాటరీ వోల్టేజి చూడండి. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగమే ఉంది. తర్వాత సెల్ఫ్ కొడుతూ చూడండి. మీటర్ మొనలు క్లాంపుల మీద కాదు, బ్యాటరీ సీసం పోస్టుల నడినెత్తిన పెట్టాలి. చలి పొద్దున 10 వోల్టుల దాకా దిగితే ఫరవాలేదు. 9.5 కంటే దిగిపోతే బ్యాటరీ చాలట్లేదు, కొత్తదైనా సరే. మీరు కొన్నది ఏ రకమో రాయలేదు. లైట్లకీ ఫ్రిజ్‌కీ వాడే డీప్ సైకిల్ బ్యాటరీ ఒక్కదాన్నే ఇంజన్‌కీ వాడుతుంటే దాని మీద రాసి ఉండే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్ (చలిలో సెల్ఫ్‌కి ఇవ్వగల కరెంటు) అంకె ఇంజన్ మాన్యువల్ అడిగినంత ఉందో లేదో చూసుకోండి. రెండు బ్యాటరీలుంటే చలి పొద్దున బ్యాటరీ స్విచ్ 'బోత్' (రెండూ కలిపి) మీద పెట్టి కొట్టడంలో తప్పేం లేదు. ఇంజన్ నడుస్తుండగా మాత్రం ఆ స్విచ్‌ని 'ఆఫ్' మీదుగా తిప్పకండి, ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి.

ఇక అసలు కొలతలు రెండున్నాయి, చాలామంది చేయనివి. మీటర్ ఎర్ర మొన బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, నల్ల మొన స్టార్టర్ మోటార్ మీదికి వచ్చే లావు కేబుల్ బోల్టు మీద పెట్టండి. సెల్ఫ్ కొట్టనప్పుడు సున్నా చూపిస్తుంది. కొడుతున్నప్పుడు ఎంత చూపిస్తే అంత వోల్టేజి దారిలో తినేసినట్టు. అర వోల్టు లోపల ఉండాలి. తర్వాత ఇదే పని ఎర్త్ వైపు చేయండి. ఒక మొన బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండోది స్టార్టర్ మోటార్ ఒంటి మీద, పెయింట్ లేని చోట. ఇక్కడ ఇంకా తక్కువ ఉండాలి, 0.3 దాటితే వెతకాల్సిందే.

ఉదాహరణకి, సెల్ఫ్ కొడుతుంటే బ్యాటరీ దగ్గర 11.2 ఉండి, ప్లస్ వైపు 1.4, ఎర్త్ వైపు 0.9 కనిపించాయనుకోండి. స్టార్టర్ మోటార్‌కి చేరేది 8.9 వోల్టులే. బ్యాటరీ బంగారంలా ఉంది, ఇంజన్ కూడా బాగానే ఉంది, మధ్యలో 2.3 వోల్టులు ఆవిరైపోయాయి. స్టార్టర్ మోటార్ లాగేది 200 ఆంపియర్ల దరిదాపు కరెంటు. ఆ కరెంటు దారిలో ఒక ఓమ్‌లో నూరోవంతు అడ్డం ఉన్నా 2 వోల్టులు పోతాయి. మామూలు మీటర్లో ఓమ్స్ పెట్టి చూస్తే అంత చిన్న అడ్డం కనిపించదు, 'కంటిన్యుటీ ఉంది' అని బీప్ కొడుతుంది. కేబుళ్ళు చెక్ చేశాం, బాగానే ఉన్నాయి అని యార్డువాళ్ళు అంటే, ఎలా చెక్ చేశారని అడగండి. బీప్ విన్నామంటే చెక్ చేయనట్టే లెక్క.

ఎక్కడ తింటోందో పట్టుకోవడం ఆ తర్వాత తేలిక. దారిని ముక్కలు చేసుకుంటూ పోండి. పోస్టుకీ దాని క్లాంపుకీ మధ్య, క్లాంపుకీ బ్యాటరీ స్విచ్‌కీ మధ్య, స్విచ్ లోపలికి వచ్చే బోల్టుకీ బయటికి పోయే బోల్టుకీ మధ్య, స్విచ్ నుంచి స్టార్టర్ దాకా. ప్రతి జాయింటు దగ్గరా 0.1కి మించకూడదు. మీటర్ కంటే సులువైన పద్ధతి ఇంకోటుంది. పది సెకన్లు సెల్ఫ్ కొట్టి ఆపి, కీ తీసేసి, వెంటనే ఒక్కో జాయింటునీ వేలితో తాకి చూడండి. ఏది వెచ్చగా ఉంటే అదే దొంగ.

ఎర్త్ జాయింటు ముందు చూడమంటాను. పాత పడవల్లో అది ఇంజన్ వెనక గేర్‌బాక్స్ కలిసే చోట గంట ఆకారపు తొడుగు (బెల్ హౌసింగ్) దగ్గరి బోల్టుకి బిగించి ఉంటుంది. మెట్లు తీసి, టార్చి వేసుకుని, బోర్లా పడుకుంటే గానీ కనిపించదు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ ముట్టని జాగా. బ్యాటరీ మైనస్ ముందు ఊడదీసి, ఆ బోల్టు విప్పండి. కేబుల్ కొసన ఉన్న రాగి లగ్ కింద పెయింటు పొరో, తుప్పో, పచ్చటి చిలుమో కనిపిస్తుంది. ఎమెరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, ఆ తర్వాత పైన గ్రీజు రాయండి. రుద్దకముందు రాస్తే చిలుముని భద్రంగా దాచినట్టవుతుంది.

కేబుల్ సంగతి కూడా తేల్చుకోండి. లగ్ దగ్గర రెండంగుళాల మేర తొడుగు చీల్చి చూడండి. లోపలి రాగి ఎర్రగా మెరుస్తుంటే మంచిదే. నల్లగా ఉండి, వేళ్ళ మధ్య నలిపితే పొడి రాలుతుంటే ఆ చిలుము తొడుగు లోపల చాలా దూరం పాకి ఉంటుంది, కొస కత్తిరించి మళ్ళీ లగ్ వేయడం దండగ. మొత్తం మార్చేయండి. తగరం పూత ఉన్న మెరైన్ కేబుల్ తీసుకోండి, కారు షాపు కేబుల్ వద్దు. సైజు ఎంచుకునేటప్పుడు వెళ్ళే పొడవూ వచ్చే పొడవూ కలిపి లెక్కేయాలి. ఆ కాలపు పడవల్లో కేబుళ్ళు చాలావరకు సన్నగానే ఉండేవి, 1/0 సైజుకి పెంచినవాళ్ళు బాధపడటం నేను చూడలేదు. బ్యాటరీ మీద చేత్తో తిప్పే రెక్కల నట్లు ఉంటే వాటినీ మార్చండి. 6 గేజ్, అంతకంటే లావు కేబుళ్ళకి అవి వాడకూడదని అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణాల్లోనే ఉంది.

రెండు వైపులా వోల్టేజి బాగానే అందుతోంది, స్టార్టర్ దగ్గర 10కి పైనే ఉంది, అయినా బద్ధకంగా తిరుగుతోంది అంటే అప్పుడు స్టార్టర్ మోటార్‌నే అనుమానించాలి. బ్రష్షులు అరిగి ఉంటాయి, లోపల కార్బన్ పొడి పేరుకుని ఉంటుంది. విప్పి ఆటో ఎలక్ట్రికల్ షాపులో ఇస్తే సరిచేస్తారు. కుబోటా కాబట్టి కొత్తది కావాలన్నా ట్రాక్టర్ పార్టుల వాళ్ళని కూడా వాకబు చేయండి. 'మెరైన్' అన్న మాట తగిలించని పెట్టెలో అదే సరుకు చవగ్గా దొరకొచ్చు.

ఇప్పటిదాకా సెల్ఫ్ వేగం గురించే మాట్లాడాను. నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా పట్టి ఆపిన వాక్యం వేరే ఉంది. గ్లో ప్లగ్ బటన్ పదిహేను సెకన్లు నొక్కినా నిమిషం నొక్కినా తేడా లేదన్నారు. ఆ ప్లగ్గులు పనిచేస్తుంటే అది జరగని పని. చలిలో ఈ ఇంజన్‌కి పదిహేను ఇరవై సెకన్ల గ్లో ఉంటే ఒకటి రెండు చుట్లలో అందుకోవాలి. మీ ప్లగ్గులు వేడెక్కట్లేదు, లేదా గోరువెచ్చగా ఆగిపోతున్నాయి.

ఈ ఇంజన్‌తో కటలీనా పడవలున్న వాళ్ళలో చాలామందికి ఎదురైన తంటా ఇది. మూడు ప్లగ్గులు, ఒక్కోటీ పది ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ కరెంటంతా ఎక్కడి నుంచి వస్తోంది? బ్యాటరీ నుంచి ఇంజన్ దగ్గరికి, అక్కడి నుంచి సన్నటి తీగలో పైన కాక్‌పిట్‌లోని ప్యానెల్‌కి, కీలోంచి, బటన్‌లోంచి, మళ్ళీ అదే పొడవు వెనక్కి దిగి ఇంజన్‌కి. దారిలో రెండు చోట్ల ట్రైలర్ లైట్లకి వాడే రకం రబ్బరు ప్లగ్ కనెక్టర్లు. వాటిలోని పిన్నులకి ముప్ఫై ఐదేళ్ళ ఉప్పు గాలి తగిలింది. ప్లగ్గుల దగ్గరికి వచ్చేసరికి 12 వోల్టులు 9 అయిపోతే ఆశ్చర్యం లేదు. వోల్టేజిలో పావు వంతు తగ్గితే వేడి కూడా పావు వంతే తగ్గుతుందనుకుంటాం. అలా కాదు. వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 12కి బదులు 9 వస్తే పుట్టే వేడి సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఆ వేడితో నిమిషం కాదు, పది నిమిషాలు నొక్కినా ప్లగ్ ఎర్రబడదు.

మూడు ప్లగ్గుల తలలనీ కలిపే రేకు ఒకటి ఇంజన్ పక్కన కనిపిస్తుంది. బటన్ నొక్కి ఉంచి, ఆ రేకుకీ ఇంజన్ ఒంటికీ మధ్య వోల్టేజి చూడండి. బ్యాటరీ కంటే అర వోల్టు తక్కువుంటే సరే. రెండు మూడు వోల్టులు తక్కువుంటే దొరికిపోయినట్టే. అసలు ఏమీ రాకపోతే కనెక్టరో బటనో పోయింది. వోల్టేజి నిండుగా ఉండి కూడా పని జరగట్లేదంటే రేకు ఊడదీసి, ఒక్కో ప్లగ్ తలకీ ఒంటికీ మధ్య ఓమ్స్ చూడండి. ఒక ఓమ్ దరిదాపులో ఉంటే బతికి ఉంది. మీటర్ ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగింది. మూడింట్లో ఒకటి పోయినా చలిలో తెలుస్తుంది, రెండు పోతే మీలాగే ఉత్తరం రాస్తారు.

మందు చవకైనదే. ఇంజన్ గదిలో ఒక సోలెనాయిడ్, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్, బిగించండి, నిరంతరం కరెంటు తట్టుకునే రకం. స్టార్టర్ లావు బోల్టు నుంచి ఫ్యూజ్ మీదుగా లావు తీగ దానికి, దాని నుంచి ప్లగ్గుల రేకుకి. పైనున్న బటన్ నుంచి వచ్చే పాత తీగ ఇక సోలెనాయిడ్‌ని నొక్కే పని మాత్రమే చేస్తుంది. రెండు మూడడుగుల దారిలో నిండు వోల్టేజి ప్లగ్గులకి అందుతుంది. వైరింగ్ చేతకాకపోతే మెరైన్ ఎలక్ట్రీషియన్‌కి రెండు మూడు గంటల పని.

అదే చేత్తో ఆ ట్రైలర్ కనెక్టర్లు కూడా కత్తిరించి పారేయండి. వాటి స్థానంలో తగరం పూత తీగలు, సరైన క్రింపింగ్, టెర్మినల్ స్ట్రిప్. ఇది స్టార్టింగ్ కోసమే కాదు. ఆ వైరింగ్‌లో ప్యానెల్ మీద ఆమ్‌మీటర్ ఉంటే ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటంతా ఆ కనెక్టర్లలోంచే పైకెళ్ళి కిందికొస్తుంది. పిన్నుకి చిలుము పట్టాక అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. విప్పి చూస్తే ఒక పిన్ను చుట్టూ గోధుమ రంగు మచ్చ కనపడొచ్చు. పడవకి నిప్పంటుకునే దారుల్లో ఇదొకటి. చాలామంది ఆమ్‌మీటర్ తీసేసి వోల్ట్‌మీటర్ పెట్టుకుంటారు, ఆల్టర్నేటర్ తీగని నేరుగా కిందే కలిపేస్తారు. మీరూ అదే చేయండి.

ఈథర్ గురించి రెండు మాటలు. గ్లో ప్లగ్గులున్న ఇంజన్లో ఈథర్ కొట్టడం అంటే నిప్పు మీద ఈథర్ కొట్టడమే. పిస్టన్ పైకి రాకముందే పేలుతుంది. రింగులు విరుగుతాయి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. పైగా మూసి ఉన్న పడవ పొట్టలో ఆ ఆవిరి. పక్క పడవాయనది ఏ ఇంజనో గానీ, మీకు వద్దు.

డీజిల్ వైపు మీరు ఇప్పటికే ఫిల్టర్ మార్చారు కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఆగను. కీ తిప్పగానే ఎలక్ట్రిక్ ఫ్యూయెల్ పంపు టిక్ టిక్‌మంటోందో లేదో వినండి. ఫిల్టర్ మార్చినప్పుడు చొరబడ్డ గాలి మిగిలి ఉందనిపిస్తే ఇంజెక్షన్ పంపు మీద చేత్తో తిప్పే గరుకు నాబ్ కాస్త వదులు చేసి, ఎలక్ట్రిక్ పంపుని ఒకటి రెండు నిమిషాలు అలా నడవనిచ్చి, నాబ్ బిగించేయండి. ట్యాంకు చలికాలానికి ముందు నిండుగా ఉంచితే లోపల చెమ్మ పట్టదు. ఎగ్జాస్ట్‌లో నీళ్ళు కలిసే వంపు ముక్క ఒకటుంటుంది. మెరీనాలో ఐడిలింగ్‌లో ఎక్కువసేపు నడిపే పడవల్లో అది మసితో పూడుకుపోయి ఇంజన్ ఊపిరి బిగబడుతుంది. ఎప్పుడు విప్పారో గుర్తు లేకపోతే ఈ చలికాలం విప్పించండి.

మీ పడవ వాడకం మీద కూడా ఒక అనుమానం. రేవులోంచి బయటికి రావడానికి పది నిమిషాలు, సాయంత్రం తిరిగి రావడానికి పది నిమిషాలు ఇంజన్, మధ్యలో తెరచాప. సెయిల్‌బోట్ అంటేనే అంత. కానీ మధ్యలో ఫ్రిజ్, జీపీఎస్, పాటలు నడుస్తుంటే ఆ ఇరవై నిమిషాల్లో బ్యాటరీ తిరిగి నిండదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండే కొద్దీ కరెంటు తీసుకోవడం తగ్గించేస్తుంది, ఆల్టర్నేటర్ ఎంత పెద్దదైనా లాభం లేదు. రేవుకి రాగానే షోర్ పవర్ (ఒడ్డు మీది కరెంటు) తగిలించి మంచి ఛార్జర్ మీద రాత్రంతా ఉంచండి. లేకపోతే ఈ కొత్త బ్యాటరీ కూడా త్వరలోనే పాతదైపోతుంది.

ఇక బోర్ పని మాట. 1,900 గంటలు చిన్న డీజిల్‌కి ముసలితనం కాదు. కుబోటా తరహా ఇంజన్లు ఆయిల్ మారుస్తూ ఉంటే ఐదు వేల గంటలు దాటడం మామూలే. పైగా రింగులు, సిలిండర్లు అరిగి కంప్రెషన్ నిజంగా పోయిన ఇంజన్ ఆయిల్ తాగుతుంది, నీలి పొగ వదులుతుంది, ఆయిల్ పోసే మూత తీస్తే బుసబుసా గాలి కొడుతుంది. మీది అవేవీ చేయట్లేదు. వేల డాలర్ల పని చెప్పిన మనిషి కంప్రెషన్ గేజ్ పెట్టి చూశాడా? చూసి ఉంటే మీకు సిలిండర్‌కి ఒకటి చొప్పున మూడు అంకెలు ఇచ్చి ఉండాలి. ఇవ్వలేదంటే చూడలేదు.

కేబుళ్ళు, ఎర్త్, గ్లో సర్క్యూట్ సరిచేశాక కూడా చలి పొద్దున పది సెకన్లు దాటుతోందంటే, ముందు వాల్వ్ క్లియరెన్స్ మాన్యువల్ ప్రకారం పెట్టించండి. బిగువుగా ఉన్న వాల్వులు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ తినేస్తాయి, అది పూట పని. తర్వాత డీజిల్‌ని సిలిండర్‌లోకి చిమ్మే నాజిళ్ళు విప్పించి డీజిల్ షాపులో అవి చిమ్మే తీరు చూపించండి. సన్నటి పొగమంచులా చిమ్మాలి, చుక్కలు కారకూడదు. అవి బయట ఉండగానే, నిండు బ్యాటరీతో, వేడి ఇంజన్ మీద మూడు సిలిండర్లకీ కంప్రెషన్ చూసి అంకెలు కాగితం మీద రాసివ్వమనండి. మూడింటి మధ్య తేడా పది శాతం లోపల ఉండి, మాన్యువల్ చెప్పిన కనిష్ఠం కంటే పైన ఉంటే బోర్ పని మాట మళ్ళీ ఎత్తొద్దని చెప్పండి. ఒకటి బాగా తక్కువొస్తే ఆ సిలిండర్లో ఓ చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడమనండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. వాల్వులే అయితే హెడ్ ఒక్కటీ విప్పితే చాలు, ఇంజన్ పడవలోనే ఉంటుంది.